చెవులకు ప్రమాదం

పొద్దుటి బస్సు కిక్కిరిసి ఉంది. ముందు తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డ కూతుర్ని, వెనక సీట్లో కూర్చున్న తల్లి కేకేసి పిలిచింది.

"ఏమే! కడుపునొప్పి తగ్గిందా? తెల్లారేదాకా లేస్తూనే ఉన్నావు. ఇప్పుడైనా సాఫీగా అయిందా లేదా?"

బస్సంతా గొల్లుమంది. కండక్టరు టిక్కెట్లు చింపుతూ, "చెప్పెయ్యమ్మా, డ్రైవరుగారు కూడా కంగారు పడుతున్నారు," అన్నాడు. మళ్ళీ నవ్వులు. తల్లి చుట్టూ ఉన్న మొహాలన్నీ ఒకసారి చూసింది. అందరూ నవ్వుతున్నారని గ్రహించి తానూ నవ్వింది, ఒక్క క్షణం ఆలస్యంగా. కూతురి మొహం కందగడ్డయింది. తన ఆఫీసు ఇంకా దూరం ఉండగానే దిగిపోయి, ఎండలో నడుచుకుంటూ వెళ్ళింది.

మనం ఆ బస్సులో ఉంటే మనమూ నవ్వేవాళ్ళమే. ఆమె ఆ ఒక్క క్షణం ఎందుకు ఆలస్యమైందో అడగాలని మనలో ఎవరికీ తోచేది కాదు.

ఆ తల్లి నేత మిల్లులో మరమగ్గాలు నడిపేది. వయసులో ఉండగా ఆ మిల్లు గేటు దాటి లోపలికి వెళ్ళింది, ఇప్పుడు జుట్టు నెరుస్తోంది. వీధిలో ఆమెకు 'మైకు పిన్ని' అని పేరు. ఆమె ఉప్పు అడిగితే పక్క వీధివాళ్ళు కూడా తెచ్చి ఇస్తారని వేళాకోళం చేసేవారు. నిజానికి ఆ వీధిలో మిల్లుకు వెళ్ళే ఆడవాళ్ళందరి గొంతులూ అలాంటివే. ఊళ్ళో పెద్దమనుషులు ఆ వీధి మీదుగా వెళ్ళాల్సి వస్తే మొహం చిట్లించుకునేవారు. "ఆ ఆడవాళ్ళకు నెమ్మది, మర్యాద తెలీవు. పొద్దస్తమానం తగువులే," అనేవారు. అవి తగువులు కావు. కూర చల్లారిపోతోంది రమ్మని పిలవడమూ, గొడుగు తీసుకెళ్ళమని చెప్పడమూ. కానీ గట్టిగా మాట్లాడే పేదవాడి మాటను మనం ఎప్పుడూ తగువుగానే లెక్కేస్తాం.

మిల్లులో మగ్గాల షెడ్డుకు రేకుల కప్పు. వరసల మధ్య ఒక మనిషి పట్టేంత సందు. ఆ సందులో నిలబడి, తెగిన దారాలు ముడేస్తూ, పని దిగేదాకా అటూ ఇటూ నడవాలి. వందలాది మగ్గాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే ఆ చప్పుడు చెవులతో వినేదిగా ఉండదు, ఎముకల్లోకి దిగుతుంది. అక్కడ ఆడవాళ్ళు నోరు విప్పి మాట్లాడుకోరు. పెదవులు కదిలిస్తారు, వేళ్ళు తిప్పుతారు. ఒకరి పెదవులు ఒకరు చదువుకుంటారు.

చెవుల్లో పెట్టుకోవడానికి రబ్బరు బిరడాలు ఆ మిల్లులో లేక కాదు. సూపర్‌వైజరు గదిలో బీరువాలో ఉండేవి. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే బయటికి వచ్చేవి, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ బీరువాలోకి పోయేవి. ఒకసారి మైకు పిన్ని వాటిని రోజూ ఇమ్మని అడిగింది. సూపర్‌వైజరు నవ్వి, "చెవులు మూసుకు కూర్చుంటే నేను పిలిచినప్పుడు ఎలా వినపడుతుందమ్మా?" అన్నాడు. ఆ మాట కూడా ఆమెకు వినపడలేదు. పెదవులు చూసి తెలుసుకుంది.

చెవుడు వచ్చిందని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే మిల్లులో ఉండనివ్వరు. "నీకు వినపడదు, మగ్గం మీద పడితే మాకు తలనొప్పి," అని ఇద్దరు ముగ్గుర్ని అప్పటికే ఇంటికి పంపేశారు. చెవులు తీసుకున్నవాళ్ళే చెవులు లేవని గెంటేస్తారన్నమాట! అందుకని ఇంట్లో కూడా నోరు మెదపలేదు. ఊఁ కొట్టేది. మొహాలు చూసి నవ్వేది. భర్త పట్టించుకోలేదు. ఆయనది రోజంతా వ్యాను నడిపే ఉద్యోగం, ఇంటికొస్తే మాటకంటే నిద్రే ముఖ్యం.

కూతురు మాత్రం పట్టించుకుంది, కోపంగా. ఆమె ఒక కొరియర్ ఆఫీసులో ఫోన్లు ఎత్తేది. నెమ్మదిగా, తియ్యగా మాట్లాడటమే ఆమె ఉద్యోగం. తల్లి ఆఫీసుకు ఫోను చేస్తే పక్క బల్లవాళ్ళకు కూడా వినపడేది. అది చాలదన్నట్టు నిరుడు ఇంకొకటి జరిగింది. చిన్నప్పటినుంచీ కలిసి తిరిగిన స్నేహితురాలు రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. కబురు విన్న సాయంత్రం కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి, గిన్నెలు తోముతున్న తల్లి వీపు చూస్తూ, ఏడుపు దిగమింగుకుని, "అమ్మా, అది పోయిందే," అంది. తల్లి వెనక్కి తిరక్కుండానే, "పోయిందా? హమ్మయ్య! పీడా విరగడైంది," అంది. కూతురు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తరవాత తల్లితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఇలా ఉండగా ఆ వీధికి ఒక అమ్మాయి వచ్చింది. చిత్రకళ చదువుకున్నదట. సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన గది అద్దెకు తీసుకుంది. ఆమె బొమ్మలు వెయ్యగా ఎవరూ చూడలేదు, అయినా వీధివాళ్ళు 'బొమ్మల పిల్ల' అన్నారు. సాయంత్రాలు మిల్లు వదిలే వేళ గేటు దగ్గర నిలబడి ఆడవాళ్ళను పలకరించేది. చివరికి ఒకరోజు అయిదారుగుర్ని గదికి పిలిచి టీ ఇచ్చి, సంగతి చెప్పింది.

"ఊళ్ళో కళాభవనం వాళ్ళు నాకొక అవకాశం ఇచ్చారక్కా. మీ జీవితాల మీద ఒక ప్రదర్శన చేద్దామనుకుంటున్నా."

మైకు పిన్ని ఆమె పెదవుల మీంచి చూపు తిప్పకుండా వింది. "మా మీద చెయ్యడమేంటే? మేమేమన్నా చచ్చామా? చెయ్యదలుచుకుంటే మాతో కలిసి చెయ్యి."

అందరూ నవ్వారు. బొమ్మల పిల్ల నవ్వలేదు. "సరే. అయితే ఇది మనందరిదీ. మీరు ఒప్పుకోనిదే ఇందులో ఒక్క మేకు కూడా అటుది ఇటు జరగదు," అంది. మాట ఇచ్చింది.

ఆ గదిలో నెలల తరబడి వాదనలు జరిగాయి. మొదట ఫొటోలు అనుకున్నారు. "మా మొహాలు చూసి ఏం తెలుస్తుంది? అందరివీ మొహాలే," అని పొడుగక్క కొట్టిపారేసింది. పొడుగక్క మైకు పిన్ని పక్క వరసలో పనిచేసేది, నవ్వినప్పుడు కూడా కనుబొమలు ముడివేసుకునే మనిషి. గుడ్డ మీద కుట్టిన బొమ్మలు అనుకున్నారు, అదీ పోయింది. చివరికి పొడుగక్కే విసుగెత్తి, "వాళ్ళని తీసుకొచ్చి మా సందులో నిలబెట్టు, తెలుస్తుంది!" అంది. అక్కడ తెగింది చిక్కుముడి. కళాభవనంలో మగ్గాల సందునే కట్టాలి. ఎంత ఇరుకో అంత ఇరుకు, ఎంత చప్పుడో అంత చప్పుడు. చప్పుడు పట్టే చిన్న పరికరాన్ని పొడుగక్క పైట చాటున పెట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది. పట్టుబడితే ఉద్యోగం ఊడేది.

మైకు పిన్ని ఇంకోటి అడిగింది. "ఆ సందు దాటగానే ఒక ఇల్లు ఉండాలి. మేం ఇంటికెళ్ళాక ఏం వింటామో అది."

దానికోసం వాళ్ళు ప్రభుత్వాసుపత్రిలో చెవుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆమె ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పరీక్ష చేసింది. చేస్తున్నకొద్దీ ఆమె మొహం మారిపోయింది.

"చెవి లోపల సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయమ్మా. గాలివానకు పైరు ఒరిగిపోయినట్టు ఈ చప్పుడికి అవి పడిపోయాయి. పైరు ఒక్కోసారి లేస్తుంది. ఇవి లేవవు."

"మందు లేదా?"

"లేదు. మిగిలింది కాపాడుకోవడమే."

మైకు పిన్ని డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "మా పేర్లు మాత్రం బయటికి రానీకండి."

డాక్టరమ్మ సాయంతో బొమ్మల పిల్ల రెండో గది తయారుచేసింది. అందులో ఒక భోజనాల బల్ల, నాలుగు కుర్చీలు. గోడల్లోంచి ఒక ఇంటి సాయంత్రపు మాటలు వినిపిస్తాయి, మైకు పిన్ని చెవికి ఎలా వినపడతాయో సరిగ్గా అలా. ఆ మాటలు ఆమె ఇంట్లోనే రికార్డు చేశారు. కూతురు ముందు ససేమిరా అంది. తండ్రి బతిమాలితే, బల్ల దగ్గర కూర్చుని ఏదో మాట్లాడాలి కదా అని ఆఫీసు కబుర్లు నాలుగు మాట్లాడింది.

ప్రారంభానికి ముందు ఇళ్ళవాళ్ళను చూడటానికి రమ్మన్నారు. కూతురు మొదటి గది దాటి రెండో గదిలో కుర్చీ మీద కూర్చుంది. గోడలోంచి ఏదో గొణుగుడు. నీళ్ళ అడుగునుంచి ఎవరో పిలుస్తున్నట్టు. ఓ... ఇం... ఆ... అంతే. కొసలు లేని మాటలు.

"ఇందులో నేనెక్కడున్నాను?" అని అడిగింది.

"ఇదే నువ్వు," అంది బొమ్మల పిల్ల.

కూతురు గోడకు చెవి పెట్టి మళ్ళీ వింది. తన గొంతు అది. రోజూ వందమంది మెచ్చుకునే గొంతు. గుమ్మంలో నిలబడ్డ తల్లి దగ్గరికి వెళ్ళి, మొహంలో మొహం పెట్టి, ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"అమ్మా. ఆ రోజు వంటింట్లో అది పోయిందని నేను చెబితే, నీకేం వినపడింది?"

"పోయింది అన్నావు. అప్పటికి నీకు పన్నునొప్పి కదా. అదే పోయిందనుకున్నా." తల్లి కళ్ళు తుడుచుకుంది. "ఆ పిల్ల సంగతి తరవాతెప్పుడో కొట్టువాడు చెప్పాడే. ఇంత దుఃఖం వస్తే నా కూతురు నాతో చెప్పుకోలేదే, నేనంత కానిదాన్నయ్యానా అని... నేనూ లోపల్లోపలే ఏడ్చా."

ఒక ఇంట్లో తల్లీ కూతురూ ఏడాదిపాటు ఒకరికొకరు శత్రువుల్లా తిరిగారు. దానికి కారణం వాళ్ళిద్దరిలో ఎవరూ కాదు. ఒక బీరువాకు వేసిన తాళం.

సరిగ్గా ప్రారంభం ముందు రోజు బొమ్మల పిల్ల, తన గదిలో చేరిన ఆడవాళ్ళ దగ్గరికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది. "చప్పుడు తగ్గించారక్కా. నాలుగో వంతు కూడా లేదు. కళాభవనం డైరెక్టరుగారు ఒప్పుకోలేదు."

"ఎప్పుడు చెప్పాడు?" అంది పొడుగక్క.

"మొన్న."

"మమ్మల్ని అడిగావా?"

"తగ్గించకపోతే గదే తెరవనన్నారు. ఇంత కష్టపడ్డాం, అసలు లేకపోవడం కన్నా..."

"మేకు కూడా జరగదన్నావు కదే! మా చెవులు పీకి గోడకి తగిలించి, జనం ఉలిక్కిపడతారని మెల్లిగా వినిపిస్తావా? ఇక ఆ సూపర్‌వైజరుకీ నీకూ తేడా ఏముంది?"

ఆ పిల్ల ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే న్యాయం. అవతలివాడి బాధను చేతుల్లోకి తీసుకున్నవాళ్ళు దాన్ని తేలిక చేసి అమ్ముకునే హక్కు తమకుందనుకోకూడదు.

మైకు పిన్ని అందరి పెదవులూ చూస్తూ కూర్చుని, చివరికి అడిగింది. "ఎందుకు తగ్గించాలన్నాడు?"

"అంత చప్పుడు రెండు నిమిషాలు విన్నా చూడ్డానికి వచ్చేవాళ్ళ చెవులకు ప్రమాదమట. వాళ్ళ నిబంధనలు ఒప్పుకోవట."

ముందు ఫక్కున నవ్వారు. తరవాత ఆ నవ్వు ఎక్కడికి పోయిందో తెలియలేదు.

"సరే," అంది మైకు పిన్ని. "తగ్గించుకోమను. రేపు నన్నొక్క మాట అడగనిస్తే చాలు."

కళాభవనం కొత్త హాలు కట్టించింది మిల్లు యజమానే. ముఖ్య అతిథి కూడా ఆయనే. రిబ్బను కత్తిరించి, మగ్గాల సందులోకి వెళ్ళి, చిరునవ్వుతో బయటికి వచ్చాడు. మైకు అందుకుని, "అద్భుతం! మగ్గాల చప్పుడు ఇంత శ్రావ్యంగా ఉంటుందని నాకే తెలియదు. ఇది సంగీతం. మన ఊరి శ్రమ సంగీతం!" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆయన మగ్గాల షెడ్డులో కాలు పెట్టి ఎన్నేళ్ళయిందో ఎవరూ అడగలేదు.

వెనక వరసలోంచి మైకు పిన్ని లేచింది.

"డైరెక్టరుగారూ! మేం పెట్టిన చప్పుడు ఇది కాదు. ఎందుకు తగ్గించారు బాబూ?"

డైరెక్టరు ఇబ్బందిగా నవ్వి, "అదంతా సాంకేతిక విషయమమ్మా, తరవాత మాట్లాడుకుందాం," అని గొణిగాడు.

"గట్టిగా చెప్పండి. నాకు వినపడదు."

హాల్లో తలలు వెనక్కి తిరిగాయి. యజమాని ఆమెను ఎగాదిగా చూశాడు. ఆ మాటతో తన ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు. మొన్నమొన్నటిదాకా కట్టుకున్న భర్తకు కూడా చెప్పని మాట అది. అయినా అక్కడే నిలబడింది.

"సందర్శకుల సౌకర్యం కోసం అమ్మా," అన్నాడు డైరెక్టరు ఇంకాస్త గట్టిగా.

"వినపడలేదు బాబూ."

పొడుగక్క లేచింది. "నాకూ వినపడలేదు." ఆ పక్కావిడ లేచింది. "నాకూ." ఒక్కొక్కరే మిల్లు ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. కూతురు వేదిక ఎక్కి, యజమాని చేతిలో మైకు తీసుకుని, డైరెక్టరు నోటి దగ్గర పెట్టింది. తియ్యగా, తన ఆఫీసు గొంతుతో, "దయచేసి అందరికీ వినపడేలా చెప్పండి సార్," అంది.

తప్పించుకునే దారిలేక ఆయన అరిచాడు. "అంత చప్పుడు రెండు నిమిషాలు విన్నా చెవులకు ప్రమాదం! అందుకని తగ్గించాం!"

మాట గోడలకు కొట్టుకుని తిరిగొచ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

బొమ్మల పిల్ల ఎప్పుడు లేచిందో, ఎప్పుడు చప్పుడు పెంచే మీటల దగ్గరికి వెళ్ళిందో ఎవరూ చూడలేదు. మరుక్షణం మగ్గాల షెడ్డు హాల్లోకి వచ్చి పడింది. ఉన్నది ఉన్నట్టు, ఆడవాళ్ళు తెచ్చింది తెచ్చినట్టు. జనం రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. కుర్చీలు పడిపోయాయి. యజమాని కూడా చెవులు మూసుకుని వంగిపోయాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నాడో పక్కనున్న డైరెక్టరుకు కూడా తెలియలేదు. మిల్లు ఆడవాళ్ళకు మాత్రం తెలిసింది.

మైకు పిన్ని చెయ్యెత్తింది. చప్పుడు ఆగింది.

"అయ్యా, మీరు ఆపమన్నారు, ఆపాం," అంది. "మేం ఎవర్ని అడగాలి?"

"నువ్వు... నువ్వు మా మిల్లులోనే కదా పనిచేసేది?" అన్నాడాయన.

"అవునండి. అక్కడే పోయాయి."

అప్పుడు చెవుల డాక్టరమ్మ లేచింది. ఊళ్ళో అందరికీ ఆమె అంటే గౌరవం. "డైరెక్టరుగారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ చప్పుడు ప్రమాదమే. పోయిన చెవుల్ని నేను తిరిగివ్వలేను. కానీ ఇది రోగం కాదు, ఎవరో ఒకరు చేసిన పని. చేసినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు," అని కూర్చుంది.

తరవాత జరిగింది అంతా మంచే అంటే అబద్ధం. ఆ వారమే మైకు పిన్నికి మిల్లునుంచి కబురు వచ్చింది, ఆరోగ్యం బాగోలేదు కనుక ఇక రానక్కర్లేదని. మర్నాడు ఒక్క ఆడమనిషి కూడా మగ్గం ముట్టలేదు. షెడ్డులో నిశ్శబ్దం చూసి సూపర్‌వైజరే భయపడ్డాడట. పత్రికలవాళ్ళు వచ్చారు, కార్మిక శాఖవాళ్ళు ఈసారి కబురు పెట్టకుండా వచ్చారు. బీరువా తాళం తెరుచుకుంది. మైకు పిన్నిని బట్టలు మడతపెట్టే, చప్పుడు లేని గదిలోకి తీసుకున్నారు. యజమాని తప్పంతా సూపర్‌వైజరు మీదికి తోసి చేతులు దులుపుకున్నాడు. కళాభవనం బొమ్మల పిల్లను మళ్ళీ పిలవలేదు. ఆమె ఆడవాళ్ళకు క్షమాపణ చెప్పుకుంది. పొడుగక్క చాలా రోజులు పలకలేదు, తరవాత ఒకనాడు తానే టీ అడిగింది. సందునూ ఇంటినీ విప్పి తెచ్చి మిల్లు వీధిలోనే ఒక ఖాళీ గోదాములో మళ్ళీ కట్టారు. ఊరి పెద్దమనుషులు ఇప్పుడు ఆ వీధికి వస్తున్నారు. కొందరు లోపలికి వెళ్ళి వెంటనే బయటికి పరుగెత్తుకొస్తున్నారు. వాళ్ళకు అది ఒక సాయంత్రం ముచ్చట. ఆడవాళ్ళలో ఏ ఒక్కరికీ పోయిన వినికిడి రాలేదు.

చూడటానికి వచ్చినవాళ్ళకు రెండు నిమిషాలు ప్రమాదమైన చప్పుడు, పనికి వచ్చినవాళ్ళకు బతుకంతా ఉద్యోగం ఎలా అయింది? గొంతు పెంచి మాట్లాడారని మనం నవ్విన ప్రతి మనిషి దగ్గరా ఈ ప్రశ్న ఉంది. కళ ఎంత గొప్పదైనా ఈ ప్రశ్న అడిగి ఊరుకుంటే చాలదు. ఒకరి చెవులకు హాని చేసేది ఇంకొకరి చెవులకూ హానే అని ఒప్పుకోని చోట, చెవిటివాళ్ళు మగ్గాల దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు కారు, మనం.